గొట్టం మీద బొట్టు

కోదాడ బస్టాండు గోడకు మా యువజన సంఘం కరపత్రం అంటిస్తున్నాను. చేతులనిండా మైదా జిగురు. కదులుతున్న సూర్యాపేట బస్సును విజిల్ వేసి ఆపించి, కండక్టరు ఫుట్‌బోర్డు మీది నుంచి నన్ను పిలిచాడు. పొద్దున పూట మా మేనత్త దగ్గర టిఫిన్ చేసే మనిషి ఆయన. "తమ్మీ, మీ అత్త పోయిందట. నీకింకా తెల్వదా? ఎక్కు" అన్నాడు. ఎక్కాను. మునగాల దాటాక తనంతట తానే, "నాకు మూడో ఇడ్లీ ఎప్పుడన్న వద్దంటే ఒప్పుకునేది కాదు" అన్నాడు.

అత్త ఒక్కతే మిర్యాలగూడలో చెల్లెలి ఇంట్లో పెళ్లికి వెళ్లింది. అక్కడ ఊరుకోకుండా పెళ్లివారందరికీ తానే ఉప్మా కలిపి, వంటవాడికి నాలుగు చీవాట్లు వడ్డించి, నవ్వుకుంటూ పడుకుందట. తెల్లారి లేవలేదు. ఒకరి చేత సేవ చేయించుకునే రకం కాదు. పోవడం కూడా అట్లాగే పోయింది.

మీలో చాలామందికి ఆమె పేరు తెలిసి ఉండదు, ఇడ్లీ తెలిసి ఉంటుంది. సూర్యాపేటలో కోదాడ రోడ్డు మీద, వెనక డిక్కీ పైకెత్తి నిలబెట్టిన తెల్లటి పాత వ్యాను దగ్గర ఎప్పుడైనా ఆగారా? అయితే ఆమెతో మాట కూడా పడే ఉంటారు. ప్లేటులో చట్నీ మిగిల్చిన వాళ్లను ఆమె క్షమించేది కాదు. వచ్చినవాళ్ల మొహం కంటే ముందు చెప్పులు చూసేది. టైరు చెప్పులైతే లారీ మనిషి, కారం ఎక్కువ. బూట్లయితే ఆఫీసు మనిషి, కారం తక్కువ. రబ్బరు స్లిప్పర్లయితే, "ఇయ్యాల పనిలేదా?" అని అడిగి ఒక ఇడ్లీ ఎక్కువ వేసేది. నావి ఎప్పుడూ రబ్బరు స్లిప్పర్లే.

వ్యాను రాకముందు అత్త చాలా ఏళ్లు ఊళ్లో హోటళ్లలో గిన్నెలు తోమింది, పిండి రుబ్బింది. మామ మిర్యాలగూడ రైస్ మిల్లులకు వడ్ల లారీ నడిపేవాడు. తొంభైల మొదట్లో ఇద్దరూ కలిసి ఆ పాత వ్యాను కొన్నారు. ఇక జన్మలో ఇంకొకరి వంటింట్లో నిలబడనని అత్త ఆ రోజే మామతో చెప్పింది. వ్యాను వెనక తలుపు పైకి లేస్తుంది కదా, దాన్నే మనమంతా డిక్కీ అంటాం. అదే అత్తకు కప్పు. ఎండకూ, వానకూ, కరెంటు తీగ మీది కాకులకూ అదే అడ్డం. కింద గిన్నెలు, పక్కన స్టూలు మీద స్టవ్వు, నడుముకు కొంగు చుట్టుకుని మధ్యలో అత్త. ఆ కప్పుకు స్తంభాలు లేవు. రెండు పక్కలా రెండు నల్లటి గొట్టాలు, వాటిలోంచి బయటికి వచ్చిన మెరిసే రాడ్లు, అంతే. మెకానిక్కులు వాటిని డిక్కీ షాకర్లు అంటారు. అత్త రెండు వేళ్లతో డిక్కీని కాస్త లేపి వదిలేస్తే, మిగతాదంతా అదే తాపీగా పైకి లేచేది. కొత్తగా వచ్చినవాళ్లు ఇడ్లీ మరిచిపోయి అది చూసేవాళ్లు. అత్త మాత్రం ఆ షాకర్లను తానే కనిపెట్టినట్టు నిలబడేది.

నా కరపత్రాలు కూడా ఆ డిక్కీ కిందే ఒక మూలన ఉండేవి. ఎవరూ తీసుకోకపోతే అత్త వాటిలో మిర్చిబజ్జీలు చుట్టి ఇచ్చేది. చదివితేనే తినాలని షరతు. నిజం చెప్పొద్దూ, సూర్యాపేటలో నా రాతలను అందరికంటే ఎక్కువమంది చేత చదివించింది అత్తే.

ఒక ఏడాది దసరా దాటి కార్తీకం వచ్చింది. పొద్దున మంచు. మేమంతా ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉంటే డిక్కీ మెల్లగా, ఎవరికీ చెప్పకుండా, కిందికి దిగడం మొదలుపెట్టింది. అత్త చూసి ఇడ్లీ పాత్రలోని వేడి గుడ్డను పిండి, ఆ నల్లటి గొట్టాలకు చుట్టింది. అది మళ్లీ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. పసిపిల్లకు జలుబు చేసినట్టు చేసిందని అందరం నవ్వుకున్నాం. కొన్నాళ్లు అట్లాగే గుడ్డలు చుట్టి నడిపింది.

ఒకరోజు గుడ్డ కూడా పని చేయలేదు. మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు దోశ కోసం తల వంచి లోపలికి తొంగిచూస్తున్న సమయంలోనే డిక్కీ దబ్బున దిగింది. దోశ పాడైంది, ఇన్‌స్పెక్టరు నుదుట బొప్పి కట్టింది. అత్త ఆయన నుదుటికి పసుపు అద్ది, స్టూలు మీద కూర్చోబెట్టి, ఇంకో దోశ వేసి ఇచ్చింది. ఆయన అది మొత్తం తిన్నాడు. తిని, చేయి కడుక్కుని, అసలు మాట చెప్పాడు.

"నేను కాబట్టి ఊకుంటున్న. ఇంకోసారి ఎవరి మీదన్న పడ్డదని ఇన్ననంటే బండి ఈడ ఉండది. మల్ల నన్ను అనొద్దు."

నాకు రక్తం పొంగింది. అధికార దురహంకారం అని ఏదో అనబోయాను. అత్త నా నోట్లో ఇడ్లీ ముక్క పెట్టేసింది. ఇన్‌స్పెక్టరు చెప్పినదాంట్లో తప్పు లేదని ఆమెకు తెలుసు. ఆ చోటు పోతే మళ్లీ ఎవరి వంటింట్లో నిలబడాలో కూడా తెలుసు.

మామ ఒక వెదురుకట్టె తెచ్చి డిక్కీకి ఆనించాడు. దాంతో డిక్కీ నిలబడింది కానీ, అత్తకు కుదురు పోయింది. జనం గుంపుగా చేరే చోట కట్టెకు ఎవరి కాలైనా తగలవచ్చు. సగం కన్ను పెనం మీద, సగం కన్ను కట్టె మీద. ఆ రోజుల్లో ఆమె దోశలు మాడాయి. అంతకుముందు అత్త చేతిలో దోశ మాడడం నేను ఎన్నడూ చూడలేదు.

మామ ఆ షాకర్లు రెండూ విప్పి మెకానిక్కు దగ్గరికి పట్టుకెళ్లాడు. వీటికి మరమ్మతు ఉండదు, మూతి మూసేసి వస్తుంది, కొత్తవి వేసుకోవలసిందే, అవీ హైదరాబాదులోనే దొరుకుతాయి అన్నాడు మెకానిక్కు. నేను ఊరుకుంటానా? మరమ్మతు చేసుకోవడానికి వీల్లేని వస్తువును బీదవాడికి అంటగట్టడం దోపిడీ కాదా? ఆ రోజే కూర్చుని 'విప్పలేని వస్తువు ప్రజల వస్తువు కాదు' అని కరపత్రం రాశాను. మరునాడు పొద్దున అత్తకు చదివి వినిపించాను. మామ ప్రతి వాక్యానికీ తల ఊపాడు. అత్త పిండి కలుపుతూ అంతా విన్నది.

"మంచిగ తిట్టినవ్. లోపల ఏమున్నదో రాసినవా?"

లోపల ఏముందో తెలియనివ్వకపోవడమే కుట్ర అన్నాను.

"అట్లయితే తెల్వదని రాయాలె గద అల్లుడా. తెల్వకుంటనే గింత తిట్టినవ్, తెలిస్తే ఇంకెంత తిడ్దువో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరరు సారు ఒకరు. కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చి, అత్త దగ్గర తిని కాలేజీకి వెళ్లేవారు. అత్త గరిటె ఆయన వైపు తిప్పి, చెప్పేదాకా చట్నీ ఇవ్వనంది.

ఆయన పాత షాకరు ఒకటి తెప్పించుకున్నారు. మామ అప్పటికే హాక్సా బ్లేడు చేతిలో పట్టుకుని ఉన్నాడు. కోసి చూద్దాం, కుదిరితే వెల్డింగు షాపులో బెజ్జం కొట్టించి, సైకిలు ట్యూబు వాల్వు పెట్టించి గాలి కొట్టిద్దాం అని ఆయన ఉద్దేశం. లెక్చరరు సారు ముందు ఆ బ్లేడు లాక్కున్నారు. లారీ టైరులో ఉండే గాలి ఎంత బిగువుగా ఉంటుందో దానికి ఎన్నో రెట్లు బిగువుగా దీంట్లో నత్రజని కూరి ఉంటుంది, కారిపోయిందనుకున్నదాంట్లో కూడా ఎంతో కొంత మిగిలి ఉండవచ్చు, కోసినా, బెజ్జం కొట్టినా, నిప్పు చూపినా మనిషి ప్రాణం మీదికి వస్తుందని గట్టిగానే చెప్పారు. తర్వాత రాడ్డును వెలుతురుకు పట్టి తిప్పి చూశారు. రాడ్డు గొట్టంలోకి దూరే మూతి దగ్గర నూనె తడి, దానిలో కలిసి గట్టిపడిన ముద్ద.

"ఈ ఎర్రగా, పచ్చగా ఉన్నదేంటండీ?"

మామ ఛాతీ విరుచుకున్నాడు. "బొట్టు సారూ. దసరాకు పెట్టిన. నట్టు, బోల్టు, పెడలు, ఒక్క పుర్జను ఇడిసిపెట్టలే. గిది మెరుస్తుందని దీనికి జర ఎక్కువనే పెట్టిన."

సారు ప్లేటు కింద పెట్టి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. మామకు ఎందుకో అర్థం కాలేదు. అత్త అడిగింది, ఆయన చెప్పారు. ఆ మూతి దగ్గర లోపల ఒక రబ్బరు సీలు ఉంటుంది. రాడ్డును చుట్టూ పెదవులతో పట్టుకున్నట్టు పట్టుకుని, లోపలి గ్యాసును బయటికి పోనివ్వదు. రాడ్డును అద్దంలా నునుపు చేసేది అందుకే. తడి పసుపు, కుంకుమ ఆరితే ఇసుకలాగా గరుకు అవుతాయి. డిక్కీ మూసిన ప్రతిసారీ రాడ్డు ఆ గరుకును ఈడ్చుకుంటూ సీలులోకి పోతుంది. రబ్బరు కోసుకుపోతుంది, రాడ్డు మీద గీత పడుతుంది. వెంట్రుక కంటే సన్నటి గీత చాలు, గ్యాసు ఆ దారిన రోజూ ఇంత చొప్పున కారిపోతుంది. చలికి గ్యాసు ముడుచుకుని నెట్టే బలం తగ్గుతుంది, వేడి తగిలితే బలం పెరుగుతుంది. వేడి గుడ్డ చుడితే డిక్కీ లేచింది అందుకే.

అంతా బాగుంది కానీ, అసలు అది నెట్టడం ఏమిటో నాకు ఎక్కలేదు. గ్యాసు గొట్టమంతా నిండి ఉంటే, లోపల ఉండే పిస్టనుకు రెండు పక్కలా ఒకే బిగువు కదా, మరి రాడ్డు బయటికే ఎందుకు వస్తుంది? సారు సాంబారు గిన్నెలో వేలు ముంచి ప్లేటు మీద బొమ్మ గీశారు. పిస్టనులో ఒక చిన్న రంధ్రం ఉంటుంది, గ్యాసు ఆ పక్కకూ ఈ పక్కకూ పోతుంది, బిగువు రెండు పక్కలా సమానమే. కానీ ఒక పక్క పిస్టనుకు రాడ్డు అతికి ఉంది. రాడ్డు ఉన్నంత మేర గ్యాసు ఆనదు. నేను ఇంకా ఆలోచిస్తుండగానే అత్త అందుకుంది.

"గంతేనా? తలుపుకు ఇవుతల అయిదుగురు నెడుతున్నరు, అవుతల నలుగురు నెడుతున్నరు. అయిదోవాని జాగల రాడ్డు నిలవడ్డది. తలుపు యాడికి పోతది మరి?"

సారు ప్లేటు మీది బొమ్మ చెరిపేసి, తాను ఇన్నేళ్లుగా క్లాసులో ఎందుకు అంత కష్టపడుతున్నానో తెలియడం లేదండీ అన్నారు. ఆ రోజు ఆయన ప్లేటు నిండా చట్నీ. ఆ రంధ్రం చిన్నది కాబట్టి గ్యాసు దూరడానికి సమయం పడుతుందనీ, డిక్కీ ఎగిరిపడకుండా తాపీగా లేచేది అందుకేననీ ఆయన ముగించబోతే, అది కూడా అత్తే ఇంకో ఉదాహరణతో తిరిగి చెప్పింది. సినిమా హాలు గేటు చిన్నదైతే జనం ఒక్కొక్కరే బయటికి రావడం లాంటిదట.

మామ హైదరాబాదు వెళ్లి కొత్త షాకర్లు రెండు తెచ్చాడు. వాటిని చూసిన ప్రతివాడూ చేత్తో నొక్కి చూశాడు. ఒక్కరి చేతికీ లొంగలేదు. చివరికి మామ గోనెపట్టా మడిచి, దాని మీద రాడ్డు ఆనించి, గొట్టం మీద తన బొజ్జ మొత్తం వేసి నొక్కాడు. అది దిగింది. మామ గెలిచినట్టు మా వైపు చూశాడు. అంతలో అది ఆయనను మెల్లగా, మర్యాదగా, తిరిగి లేపి నిలబెట్టింది. కండక్టరు నవ్వు ఆపుకోలేక ఇడ్లీ గొంతులో పడి దగ్గాడు.

బిగించేటప్పుడు మామ రాడ్డును పైకి, గొట్టాన్ని కిందికి పెట్టబోయాడు. మెరిసే రాడ్డు కిందుంటే రోడ్డు మీది బురద తగులుతుందని ఆయన ఆలోచన. వద్దన్నారు సారు. లోపల కొంచెం నూనె కూడా ఉంటుంది, రాడ్డు కిందికి ఉంటేనే ఆ నూనె దిగి సీలు మీద నిలుస్తుంది, రబ్బరు ఎండదు, గ్యాసు సీలు దాకా రాకుండా నూనే అడ్డం ఉంటుంది. చలికాలం పెదవులకు వెన్న రాసుకున్నట్టా అని అత్త అడిగింది. సరిగ్గా అంతే అన్నారాయన. అప్పటి నుంచి డిక్కీ షాకరు గురించి ఎవరు అడిగినా, అడగకపోయినా, అత్త అయిదుగురూ నలుగురూ కథ, వెన్న కథ చెప్పి పంపేది. ఇన్‌స్పెక్టరుకు రెండుసార్లు చెప్పింది. రెండోసారి ఆయన తానే ముందుగా చెప్పేసి తప్పించుకున్నాడు.

అయినా అత్తకు ఆ ఏడాదంతా లోపల ఒక గుబులు. మళ్లీ దసరా వస్తుంది. మళ్లీ బొట్టు వస్తుంది. ఈసారి పడితే ఇన్‌స్పెక్టరు నోరు మూసుకోడు.

దసరా వచ్చింది. మామ వ్యాను కడిగి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, పళ్లెంలో పసుపు, కుంకుమ కలిపి తెచ్చాడు. నేనూ సిద్ధంగానే వచ్చాను. యంత్రానికి పూజ ఎందుకు అని ఆ వారమే ఒక కరపత్రం వేసి ఉన్నాను. నత్రజనికి కుంకుమ అక్కరలేదు, మీ మూఢనమ్మకం వల్లే పోయినేడు అత్త వీధిన పడబోయింది అని రోడ్డు మీదే అరిచాను. మామ కూడా తగ్గలేదు. పద్నాలుగేండ్లు లారీ నడిపిన, బొట్టు పెట్టకుండ ఒక్క దసరా దాటలే, నీ కాగితాలు చూసి నడిపితినా అని తిరిగి అరిచాడు. జనం చేరారు. అత్త ఇద్దరి మధ్యకు వచ్చి మామ చేతిలో పళ్లెం తీసుకుంది. నేను గెలిచాననుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు వద్దంటే ఆయన ఊకుంటడా? నువ్వు పోయినంక దొంగలెక్క పెడ్తడు. అప్పుడు యాడ పెట్టిండో నాకు గూడ తెల్వది. వద్దనుడు కాదు అల్లుడా. యాడ పెట్టాల్నో చెప్పు."

మామ వైపు తిరిగి, "గొట్టం మీద పెట్టు. రాడ్డును ముట్టకు. దేవునికి గొట్టం మీద పెట్టినా అందుతది" అంది.

మామ అత్త చేతిలోని పళ్లెంలో వేలు ముంచాడు. గొట్టం మొదట్లో, మధ్యలో, చివర్న వరసగా బొట్లు పెట్టాడు. రాడ్డు వైపు వేలు పోబోతే తానే వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత అత్త పాత పంచె ముక్క ఒకటి తీసి, రాడ్లను పొడిగా తుడిచి, తృప్తిగా ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుంది. డిక్కీ ఆ చలికాలమంతా నిలబడింది. మరుసటి చలికాలమూ నిలబడింది. వేడి గుడ్డ అవసరం పడలేదు. ఇప్పుడు మా బజారులో డిక్కీ ఉన్న ప్రతి కారుకూ దసరా నాడు బొట్టు గొట్టం మీదే కనిపిస్తుంది. ఎందుకని అడిగితే ఆచారం అంటారు.

పూజల విషయంలో నా అభిప్రాయం మారలేదు. మారదు. కానీ ఈ మధ్య గరిడేపల్లిలో ఒక సభలో ఊరివాళ్ల మీద గొంతు చించుకోబోతూ ఆగాను. వద్దనడం ఒక్కటే చేతనైతే మనం పోయిన తర్వాత ఏం జరుగుతుందో మనకు తెలియదు. అది నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు.

షాకర్ల విషయంలో కూడా అత్తతో నా తగాదా పూర్తిగా తెగలేదు. మూతి మూయక తప్పదని ఒప్పుకున్నాను. కానీ అంత అవసరమైన వస్తువు సూర్యాపేటలో ఎందుకు దొరకదు, దానికోసం ఒక మనిషి ఒక రోజు పని మానుకుని హైదరాబాదు ఎందుకు పోవాలి అని అడిగాను. అత్త గరిటె ఆపి, "గది రాయి. గదైతే నేను గూడ పంచుత" అంది. రాశాను. పంచింది. ఆ నెలంతా మిర్చిబజ్జీలకు వేరే కాగితం వాడింది, నా కరపత్రాన్ని శుభ్రమైన చేత్తో విడిగా ఇచ్చింది. నా రాతకు అంతకంటే పెద్ద మెచ్చుకోలు దొరకలేదు.

నేను బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి మిర్యాలగూడ నుంచి జీపు ఇంకా రాలేదు. అత్తవాళ్ల ఇల్లు ఒక్క గది. లోపల ఆడవాళ్లు. బయట సందు నిండా జనం, లారీ క్లీనర్లు, కాలేజీ పిల్లలు, లెక్చరరు సారు, ఇన్‌స్పెక్టరు, పక్క హోటళ్లవాళ్లు. అప్పుడే వాన మొదలైంది. నిలబడడానికి చూరు కూడా లేదు. మామ ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి వ్యాను స్టార్టు చేసి, వెనక్కి నడుపుతూ తెచ్చి సందు మొదట్లో నిలిపాడు. దిగి, డిక్కీని రెండు వేళ్లతో లేపి వదిలేశాడు. అది తాపీగా లేచి నిలబడింది.

జనంలో పట్టినంతమంది ఒక్కసారిగా దాని కిందికి దూరారు. భుజాలు రాసుకుంటూ, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ సర్దుకున్నారు. అత్త తిట్లను ఎవరో ఆమె గొంతుతోనే అన్నారు, ఇంకెవరో ఆ తిట్టు తిన్నది తానేనని వాదించారు, ఇన్‌స్పెక్టరు అందరికంటే గట్టిగా నవ్వి, వెంటనే కళ్లు తుడుచుకున్నాడు. వాన పెద్దదైంది. డిక్కీ అంచు పొడుగునా నీళ్లు తెరలా కారుతున్నాయి. దాని కింద అంతమంది ఉన్నారు, దిగుతుందేమోనని ఒక్కరు కూడా తల ఎత్తి పైకి చూడలేదు.